చివరి మూలలో గుంటలు

ఐస్ మీద నిమ్మకాయ పనికిరాదని నాకెవరూ చెప్పలేదు.

దసరా నాడు మా యూనివర్సిటీ ఐస్ స్కేటింగ్ రింక్‌లో నేను నడిపే బండికి ఆయుధపూజ చేశాను. ఐస్‌ని చెక్కి, వేడినీళ్లు పోసి నున్నగా చేసే బండి అది. మాస్టర్స్ చదువుతూ నేను సంపాదించుకున్న క్యాంపస్ ఉద్యోగం దాన్ని నడపడమే. అమలాపురంలో మా నాన్న ట్రాక్టర్‌కి చేసినట్టే పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి ముందుకు పోనిచ్చాను. దిష్టి పోయింది. గింజలు మాత్రం చక్రాలకు అంటుకుని ఐస్ మీదకొచ్చాయి.

అరగంటకి ఓ అమ్మాయి స్కేట్ బ్లేడు కింద గింజ పడి, కూలబడి పదడుగులు జారింది.

ఆమె దేదీప్య. పదిహేడేళ్లప్పుడే జూనియర్స్‌లో నేషనల్ ఛాంపియన్ అయిందనీ, ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడనీ తర్వాత తెలిసింది. ఆ క్షణానికి తెలిసిందల్లా, గింజను రెండు వేళ్లతో పట్టుకుని నా మీదకే వస్తోందని.

"ఇది నీదా?"

"నిమ్మగింజండి. బండికి పూజ చేశాను."

"ఎందుకు?"

"యాక్సిడెంట్లు కాకుండా."

బండి నుదుట బొట్టు చూసింది. "నీ గాడ్‌కి రాంగ్ అడ్రస్ ఇచ్చావ్."

ఈ దేశంలోనే, షామ్‌బర్గ్‌లో పుట్టిన పిల్ల, మీరు అనే మాట ఆమె తెలుగులో లేదు. ఇకమీదట రోజూ తన ప్రాక్టీస్ అయ్యాక గుంటలన్నీ చేత్తో పూడ్చమంది. జంప్ చేసేటప్పుడు బ్లేడు మొన దిగిన చోటల్లా ఐస్‌లో గుంట పడుతుంది. అందులో తడిమంచు కూరి నీళ్లు చిలకరించాలి. అది ఎలాగూ నా డ్యూటీయే. ఆమె శిక్షలా వేసింది, నేను వరంలా పుచ్చుకున్నాను.

రెండు వారాలు మోకాళ్ల మీద పాకాను. ఆమె కాఫీ తెచ్చి నా డ్రైవింగ్‌ని వెక్కిరించేది, నేను ఆమె తెలుగుని. మాటల్లో సంగతులు బయటపడ్డాయి. కిందటేడు ట్రిపుల్ లట్జ్ అనే జంప్‌లో పడి మోకాలికి సర్జరీ అయిందట. నవంబర్‌లో సెక్షనల్స్ అనే ప్రాంతీయ పోటీ గెలిస్తే మళ్లీ నేషనల్స్‌కి వెళ్తుంది. లేకపోతే స్కేట్స్ అటకెక్కించి డెంటల్ స్కూల్‌లో చేరతానని వాళ్లమ్మ పద్మిని ఆంటీకి మాటిచ్చింది.

ఆమెను ప్రేమించేశానని నాకు తెలిసిన రోజే ఇంకోటి కూడా తెలిసింది. రింక్ చివరి మూలలో ఒక్క గుంటా లేదు.

"లట్జ్ చేసేది ఆ మూలలోనే కదా?" అన్నాను.

"హా. రోజూ చేస్తున్నా."

"అబద్ధం. అక్కడ నేను వేసిన ఐస్ వేసినట్టే ఉంది."

ఆమె మొహం ఎర్రబడింది. తన కోచ్‌కీ ఇదే చెబుతోందట. ఆ అబద్ధం ఓ బండి డ్రైవర్ పట్టేస్తాడని ఊహించలేదు పాపం. నీ ట్రాక్టర్ నువ్వు చూసుకో అని విసవిసా వెళ్లి, తలుపు దగ్గర ఆగిపోయింది.

"భయం, రఘూ. నా మోకాలు టప్‌మన్న సౌండ్ ఇంకా వినిపిస్తోంది."

"పడితే గుంటేగా పడేది. నేను పూడుస్తాను," అన్నాను.

మర్నాడు కాఫీ లేదు, మాటా లేదు. నేను క్లాసు ముగించుకుని వచ్చేసరికే వెళ్లిపోయింది. ఉసూరుమంటూ బకెట్ పట్టుకుని చివరి మూలకు వెళ్లాను. అక్కడ పదకొండు గుంటలు. పక్కన ఆమె పడ్డ గీతలు కూడా. ఆ చలిలో చతికిలబడి వెర్రివాడిలా నవ్వుకున్నాను.

సెక్షనల్స్‌లో నా సీటు పద్మిని ఆంటీ పక్కనే. దేదీప్య లట్జ్ కోసం చివరి మూలకు వెళ్తుంటే ఆంటీ రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"పడిందా బాబూ?"

"ఎగిరిందాంటీ. దిగింది కూడా."

స్కేటింగ్‌లో నచ్చినవాళ్లకి ఐస్ మీదకి బొమ్మలు విసురుతారు. టెడ్డీబేర్లు వర్షంలా పడ్డాయి. నేను గుడ్డతో చేసిన నిమ్మకాయ బొమ్మ విసిరాను. గింజల్లేనిదే. ఆమె ఎలుగుబంట్లన్నిటినీ వదిలేసి దాన్నే తీసుకుంది.

నేషనల్స్‌కి సెలెక్ట్ అయిందని మైకులో చెప్పాక, బొమ్మ చంకలో పెట్టుకుని మా దగ్గరికొచ్చింది.

"జనవరిలో నేషనల్స్. అప్పటిదాకా గుంటలు పూడుస్తావా?"

"ఆ తర్వాత కూడా," అన్నాను. "నువ్వుంటే ఎక్కడైనా."

"ఉంటా," అంది, నిమ్మకాయను నలిపేస్తూ.

పద్మిని ఆంటీ బొమ్మను చూసింది, కూతుర్ని చూసింది, నన్ను కాస్త ఎక్కువసేపే చూసింది.

"మీ ఇంటిపేరేంటి బాబూ?"