సుభాషిణి లేసుల కొట్టు: మా గురించి

"ఈ గీత మీద వేలు పెట్టి జరపండి. ఎడమ చివర సున్నా, కుడి చివర నూరు" అంది డాక్టర్ హైమవతి, తెర మీద నుంచి.

సుభాషిణి కుడి చివరికంటా జరిపేసింది. ఏదైనా ఎక్కువుంటే మంచిదేగా అని ఆమె లెక్క.

అప్పటికి నరసాపురంలో లేసు అల్లే ప్రతి ఇంటికీ ఒక ఆన్‌లైన్ స్టోర్ ఉంది. ప్రతి స్టోర్‌కీ హైమవతి తయారుచేసిన 'పలుకు' అనే రాతమిషను ఉంది. అదేం చేస్తుందో చెప్పడం తేలికే. కొట్టువాళ్ళ ఇంట్లో మాటలు మైకులోంచి వింటుంది. కొనడానికి వచ్చినవాళ్ళ మనసు ఏం చదివితే కరుగుతుందో వాళ్ళ ఫోన్ అలవాట్లను బట్టి పసిగడుతుంది. ఆ రెండూ కలిపి 'మా గురించి' అనే పేజీని ఒక్కొక్కరికి ఒక్కోలా రాస్తుంది. గీత మీద వేలు ఎంత కుడికి జరిగితే అంత కల్పన. పాపం, ప్రతి సెట్టింగ్ దగ్గరా "సరేనా?" అని అడుగుతుంది కూడా. కొత్తవాళ్ళందరిలాగే సుభాషిణి ఒక్కటీ చదవకుండా అన్నిటికీ సరే నొక్కింది.

లేసు కొన్న కాకినాడ లలితాంబగారికి కనబడిన పేజీలో సుభాషిణి భర్త చనిపోయాడు.

ఆ సంగతి సుభాషిణికి తెలిసింది లలితాంబగారు గుమ్మంలోకి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నప్పుడే. "మా ఆయన పోయాక నేను గడప దాటలేదమ్మా. మీ ఆయన పోయిన దుఃఖంలోనూ, చేతిలో దారం ఉన్నంతసేపూ ఏడుపు రాదని రాశావు చూడు, అది చదివి మళ్ళీ కుట్టుపని పట్టుకున్నాను. నిన్నొకసారి చూడాలనిపించింది" అందావిడ. ఆవిడ చీర అంచున సుభాషిణి అల్లిన లేసే ఉంది.

నిజం చెప్పేద్దామని సుభాషిణి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గంగాధరం, ఆమె కట్టుకున్న భర్త, మంచినీళ్ళ గ్లాసుతో వచ్చాడు.

"వీరు?" అంది లలితాంబగారు.

"మా అన్నయ్యండీ. ఇక్కడే ఉంటాడు."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో సుభాషిణికే తెలీదు. అది పలుకు రాసిచ్చింది కాదు. సరే నొక్కమని ఎవరూ అడగనూ లేదు. గంగాధరం చేతిలో గ్లాసు ఆగిపోయింది. భార్యవైపు ఒక్కసారి చూసి, "తీసుకోండమ్మా, కుండలో నీళ్ళు" అని అందించి, గోడవారగా కూర్చున్నాడు. సుభాషిణి సూత్రాలు జాకెట్టులోకి తోసుకుంది. మెట్టెలు కనబడకుండా కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

వెళ్తూ వెళ్తూ లలితాంబగారు ఆయనకి దండం పెట్టింది. "చెల్లెల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నారు బాబూ. చల్లగా ఉండండి."

"అలాగేనండీ" అన్నాడాయన.

సుభాషిణి వెంటనే హైమవతిని తెర మీదికి పిలిచింది. "నా గురించి అబద్ధాలు రాసిందండీ మీ మిషను!"

"అయ్యో! ఏం రాసింది?"

సుభాషిణికి చెప్పడానికి నోరు రాలేదు. హైమవతి మొహం చిన్నబోయింది. "తప్పు నాదేనండీ. ఆ గీతని అంతదూరం పోనివ్వకూడదు. సున్నాకి జరపండి. అక్కడ పలుకు ఒక్క ముక్క కల్పించదు. ఇంట్లో మీ నోటితో మీరన్నదే రాస్తుంది. అందరికీ ఒకటే పేజీ."

ఈసారి "సరేనా?" అన్నదాన్ని సుభాషిణి మళ్ళీ మళ్ళీ చదివి మరీ నొక్కింది.

భోజనాల దగ్గర గంగాధరం అన్నాడు, "ఆ మిషను తెలీక చంపింది. నువ్వు తెలిసే అన్నావు. ఆవిడకి చెప్పేస్తావా?"

ఆమె తలెత్తకుండానే ఊఁ కొట్టింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన్ని పిలిచింది "ఏవండీ" అనే. ఆయన తనకి ఏమవుతారో ఆ ఇంట్లో నోటితో చెప్పాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. చెప్పిందల్లా ఆ ఒక్కసారే.

తెల్లారాక స్టోర్ తెరిస్తే, ఊరందరికీ కనబడే ఆ పేజీలో ఇలా ఉంది: "నేను సుభాషిణిని. నరసాపురంలో లేసు అల్లుతాను. మా అన్నయ్య ఇక్కడే ఉంటాడు." దాని కింద పచ్చటి అక్షరాలు: "ఇందులో కల్పన సున్నా."

ఆ కిందే లలితాంబగారి అభిప్రాయం. "అంతా నిజం. ఆయన్ని నా కళ్ళతో చూశాను. ఇకనుంచి నేనూ అల్లుతాను."

గంగాధరం చదివి, ఫోను భార్య చేతికిచ్చి, మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చెప్పాల్సింది చిన్న మాటే. ఆ పచ్చటి అక్షరాల కింద, "ఇకనుంచి నేనూ అల్లుతాను" అన్న వాక్యాన్ని చూస్తూ సుభాషిణి అలాగే కూర్చుండిపోయింది.