వెనక్కి పిలవని ఇల్లు

ట్రెడ్‌మిల్ మీద కోడలు వరూధిని పరుగెడుతోంది. చెవుల్లో బఠాణీ గింజలంత యంత్రాలు రెండు దూర్చుకుంది. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో కూచున్న పాపాయమ్మకి ఆ పిల్ల అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు. కానీ వరూధిని చూపు గోడ మీద లేదు. గోడకి ఇవతలే, నాలుగడుగుల దూరంలో, ఎవరి వీపునో చూస్తున్నట్టు నిలిచిపోయింది. కాసేపటికి రెండు చేతులతో కడ్డీ పట్టేసుకుని ఆగింది.

"ఎడమ కాలు ఈడుస్తున్నారు అత్తయ్యా," అంది. చెవులు మూసుకుపోయి ఉన్నాయేమో, పక్క గదిలోకి కూడా వినపడేలా అంది. "ఆయనే."

ఆయనంటే నీలకంఠం. పాపాయమ్మకి ఒక్కగానొక్క కొడుకు, పోర్టులో క్రేన్ల ఇంజనీరు. పోయి ఏడాది దాటింది.

యంత్రం పేరు జాడ. చేసినవాడు డాక్టర్ శశిభూషణ్. రుషికొండ మీద ల్యాబు పెట్టుకుని, తలకి నూనె రాసుకునే తీరిక కూడా లేకుండా బతికే మనిషి. విశాఖపట్నంలో సముద్రం ముందుకొచ్చి పాత బీచ్ రోడ్డుని మింగేశాక, దాని మీదుగానే స్తంభాలు పాతి కొత్త రోడ్డు వేశారు. ఏటా జరిగే పెద్ద మారథాన్ ఇప్పుడు ఆ రోడ్డు మీదే. పరుగెత్తేవాళ్ళకి కాళ్ళ నెప్పుల కన్నా పెద్ద కష్టం ఒంటరితనం. నెలల తరబడి తెల్లారకుండా లేచి, తోడు లేకుండా పరుగెత్తాలంటే ఎంత మొండివాడికైనా విసుగొస్తుంది. ఆ తోడు కోసమే శశిభూషణ్ దీన్ని చేశాడు. బతికున్న ఛాంపియన్ల అడుగులు అమ్ముదామని ఆయన ప్లాను. జనం మాత్రం తమ ఇంట్లో పోయినవాళ్ళ అడుగులు పట్టుకుని ఆయన గుమ్మం ముందు బారులు తీరారు.

"మీవాడు బూట్లలో వేసుకున్న అట్టల్లోనూ, ఛాతీకి కట్టుకున్న పట్టీలోనూ సెన్సార్లు ఉండేవి కదమ్మా," అన్నాడు శశిభూషణ్ పాపాయమ్మ పక్కన కుర్చీ లాక్కుని. "మడమ ఎంత బరువుతో ఆనింది, వేళ్ళు ఎప్పుడు లేచాయి, ఊపిరి ఎన్ని అడుగులకోసారి పీల్చారు, అన్నీ సర్వర్లో ఉన్నాయి."

"అంటే వాడి అడుగులు దాచిపెట్టారా నాయనా?"

"దాచినవైతే పాత పాటలా అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఇది లెక్క కడుతుంది. మీ కోడలు ఇంత వేగంతో, ఈ ఎత్తు మీద పరుగెడుతుంటే, ఆయన ముందుంటే ఎలా అడుగు వేసేవారో చూసి ఆ అడుగు వేస్తుంది. ఆవిడ ఆగితే ఆగుతుంది. బయటి చప్పుడు చెవిలోకి రానివ్వదు, అడుగులు తేటగా వినపడాలి కదా."

"మొహం?"

"లేదు."

"మాట?"

"లేదమ్మా. అడుగులూ, ఊపిరీ. అంతే."

"మరి వాడు పోయిన సంగతి దానికి తెలుసా?"

శశిభూషణ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "తెలీదు. మేం చెప్పలేదు."

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అత్తాకోడళ్ళు ఏం మాట్లాడుకోలేదు. ఏడాదిగా వాళ్ళ మధ్య ఒకే ఒక్క మాట బాకీ ఉండిపోయింది. దాన్ని ఎవరూ ఎత్తరు, అందుకని మిగతా మాటలు కూడా తగ్గిపోయాయి.

బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదు. ఇది అందరికీ తెలిసిన పట్టింపే. నలుగురిళ్ళలో అయితే మరిచిపోయి పిలిచేసి, నాలిక కరుచుకుని, కాసేపు కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి మళ్ళీ పంపిస్తారు. పాపాయమ్మ ఇంట్లో ఆ పప్పులుడకవు. నీలకంఠం చిన్నప్పుడు క్యారేజీ మరిచిపోతే, సందు మొగలో కనిపిస్తున్నా సరే కేకేసేది కాదు. ఆటో కట్టించుకుని స్కూలు దాకా పోయి ఇచ్చొచ్చేది. మొగుడు గొడుగు మరిచిపోతే తడిసి ముద్దయి వచ్చేదాకా ఊరుకుంది. ఆ మాటకొస్తే ఆయనకి జలుబు చేసినందుకు మళ్ళీ ఆయన్నే తిట్టింది.

నీలకంఠానికి గుండె లయ అప్పుడప్పుడు తప్పేది. ఛాతీకి పట్టీ కట్టుకుని పరుగెత్తితే ఫరవాలేదన్నారు డాక్టర్లు. గుండె తడబడిన క్షణంలో ఆ పట్టీయే అంబులెన్సుకి కబురు పంపుతుంది. ఆ రోజు పట్టీ తలుపు వెనక మేకుకే ఉండిపోయింది. వరూధిని అది పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తింది. కింద గేటు దగ్గర అతను ఇంకా బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆ పిల్ల నోరు తెరిచేలోగా పాపాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వెనక్కి పిలవకే. రోజూ వెళ్ళే దారేగా, ఒక్కరోజుకి ఏమవుతుంది," అంది.

లేసు కట్టుకుని, లేచి, వెళ్ళిపోయాడు. జోడుగుళ్ళపాలెం మలుపులో పడిపోయాడు. ఎవరో చూసి ఫోన్ చేసేసరికి ఆలస్యమైపోయింది.

వరూధిని ఆ తర్వాత అత్తగారిని ఒక్క మాట అనలేదు. వేళకి మందులిచ్చేది, కాళ్ళకి తైలం రాసేది. ఆ పిల్ల అలా మౌనంగా కాళ్ళు పడుతుంటే పాపాయమ్మకి ప్రాణం చచ్చిపోయేది. ఒక్కసారి నోరారా తిట్టెయ్యకూడదా, నీ వల్లే పోయాడు అని అనేసి పోకూడదా అనుకునేది. అన్నంలో చారు పోసుకుని, కలపడం మరిచిపోయి కూచునేది.

మారథాన్‌కి నీలకంఠం పేరు కట్టించుకుని, పరుగెత్తకుండానే చనిపోయాడు. ఏడాది తిరిగాక వరూధిని తన పేరు కట్టించుకుంది. బస్సు కోసం తప్ప ఎప్పుడూ పరుగెత్తని మనిషి. మొదటి వారం పార్కు చుట్టూ తిరిగేసరికే ఆయాసపడి బెంచీ మీద పడిపోయింది. జాడ వచ్చాక ఆ కథే మారింది. ముందు మొగుడి అడుగులు, వెనక ఈవిడ. ఎండాకాలం దాటేసరికి గంటల తరబడి ఆగకుండా పరుగెత్తేస్తోంది. చెంపలు లోపలికి పోయాయి, పిక్కలు గట్టిపడ్డాయి. అద్దంలో చూసుకుంటే తనకే నవ్వొచ్చేది.

తెల్లారగట్ల ఆ స్తంభాల రోడ్డు మీద వింత చూడాలి. జనం గుంపులు గుంపులుగా పరుగెడుతుంటారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒకాయన చచ్చిపోయిన తమ్ముడితో పందెం వేసుకుని, ఓడిపోయి, వాణ్ణి తిట్టుకుంటూ కొబ్బరిబోండాం తాగుతుంటాడు. ఒకావిడ ఉన్నట్టుండి పక్కకి జరిగి దారిస్తుంది, అక్కడ ఎవరూ ఉండరు. కింద స్తంభాలకి కెరటాలు కొట్టుకుంటూనే ఉంటాయి.

ఒకరోజు వరూధిని వచ్చి బూట్లు విప్పకుండానే వంటింటి గడప మీద కూలబడింది.

"ఇవాళ జోడుగుళ్ళపాలెం మలుపు దాటాను అత్తయ్యా."

పాపాయమ్మ గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"అక్కడ ఆగిపోతారనుకున్నా. కళ్ళు మూసుకుని పరుగెత్తాను. ఆగలేదు. ఆ రోజు ఆయన దాటలేకపోయిన రోడ్డు మీద అలాగే వెళ్ళిపోతున్నారు. పిలుద్దామని నోరు తెరిచాను, కానీ ఆయనకి వినపడదు కదా."

చెప్పి, లేచి స్నానానికి వెళ్ళిపోయింది. పాపాయమ్మ పొయ్యి కట్టేసింది.

మర్నాడు వరూధిని అత్తగారిని తీసుకుని మళ్ళీ ల్యాబుకి వెళ్ళింది. పిలిస్తే ఆగి వెనక్కి వచ్చేలా చెయ్యమంది. శశిభూషణ్ కంప్యూటరు ముందు కూచుని నీలకంఠం అడుగులన్నీ తిరగేశాడు. మెట్లెక్కిన అడుగులున్నాయి, గుంత దాటిన అడుగులున్నాయి, వర్షానికి జారిన అడుగు కూడా ఉంది.

"ఇదేమిటో విచిత్రంగా ఉంది," అన్నాడు చివరికి. "గుమ్మం దాటాక ఆగి వెనక్కి తిరిగిన అడుగు ఒక్కటి కూడా లేదు. అందరికీ ఉంటుందమ్మా, తాళమో ఫోనో మరిచిపోయి తిరుగుతారు, ఎవరో ఒకరు పిలుస్తారు. ఈయన్ని ఎవరూ పిలవలేదా?"

పాపాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది.

"పోనీ, వేరేవాళ్ళ మలుపు తీసి అతికిస్తాను," అన్నాడాయన. "ఎవరిదో తిరిగే అడుగు, ఆ తర్వాత మీ ఆయన నడక. తేడా తెలీదు. ఏదీ, మీరెలా పిలుస్తారో ఒకసారి పిలవండి."

"ఏమండీ," అంది వరూధిని.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఆ రోడ్డు మీద ఏ ఆవిడ ఏమండీ అన్నా మీ ఆయన ఆగిపోతాడమ్మా. పేరు పెట్టి పిలవాలి."

"నాకు నోరు రాదు. అత్తయ్య పిలుస్తారు." అని, మొదటిసారి అత్తగారి కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరే పిలవాలి అత్తయ్యా."

పాపాయమ్మ, ఏడాదిగా ఎదురుచూసిన తిట్టు ఇదే కాబోలనుకుంది. మైకు ముందుకి వంగి, "ఒరే నీలూ, వెనక్కి రారా," అని తనకే వినపడనంత మెల్లగా అంది. ఇంకాస్త గట్టిగా అనమన్నాడు శశిభూషణ్. మూడోసారి మైకుకి అందేలా పిలిచింది. చెవి యంత్రంలో ఉన్న మైకు దూరాన్నుంచైనా పట్టుకుంటుంది, ఇక మీ గొంతులో ఈ పిలుపుకే ఆగుతాడు, ఇంకెవరు పిలిచినా ఆగడు అన్నాడాయన. ఆ తర్వాత వరూధిని ఒక్కసారి కూడా పిలవమని అడగలేదు. పాపాయమ్మా పిలవలేదు.

మారథాన్ రోజు వచ్చింది. ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. వరూధిని నెంబరు కాగితం చొక్కాకి పిన్నులతో పెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. తర్వాత చెవుల్లో జాడ పెట్టుకుంది. దాంతో ముఖం మారిపోయింది. ఇక ఆ ఇంట్లో లేనట్టే. ముందు నడుస్తున్న మొగుడి వెంట మెట్లు దిగిపోయింది.

పాపాయమ్మ తలుపు వేద్దామని తిరిగింది. తలుపు వెనక మేకుకి పట్టీ వేలాడుతోంది.

నీలకంఠంది కాదు, వరూధినిది. నలభై దాటిన వాళ్ళెవరూ పట్టీ లేకుండా అంత దూరం పరుగెత్తకూడదని మారథాన్ వాళ్ళు చెప్పి మరీ ఇచ్చారు. ముసలావిడ పట్టీ పట్టుకుని బాల్కనీలోకి పడుతూ లేస్తూ వెళ్ళింది. కోడలు గేటు దాటేసింది.

ఏమైతే అయింది అనుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిచింది.

"వరూ, ఆగవే. వరూధినీ."

వినపడలేదు. చెవుల్లోకి బయటి చప్పుడు రానివ్వని యంత్రం కదా అది. ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. పాపాయమ్మ మళ్ళీ అరిచింది. ఆ పిల్ల సందు మొగ దాకా వెళ్ళిపోయింది, ఇంకో నాలుగడుగులు వేస్తే మలుపు తిరిగిపోతుంది. అప్పుడు తట్టింది ఆవిడకి, తన గొంతు ఎవరికి వినపడుతుందో.

"ఒరే నీలూ," అని అరిచింది. కొడుకు పోయిన రోజు ఆ రెయిలింగు దగ్గరే నిలబడి మింగేసిన కేక అది. "ఆగరా నాయనా. వెనక్కి రారా."

వరూధిని ఠక్కున ఆగిపోయింది. తల వంచి విన్నది. మెల్లగా పక్కకి జరిగి, ఎవరికో దారిచ్చి, ఆ వెళ్ళే మనిషిని చూస్తున్నట్టుగా ఇంటివైపు తిరిగింది. బాల్కనీలో అత్తగారు పట్టీ ఊపుతూ కనిపించారు.

వరూధిని మెట్లెక్కి పైకొచ్చింది. పాపాయమ్మే పట్టీ కట్టింది.

"ఆగారు అత్తయ్యా. నా పక్కనుంచే వెనక్కి వచ్చారు."

"పిలిస్తే వచ్చేవాడేనే," అంది పాపాయమ్మ. "ఆ రోజు నిన్ను పిలవనియ్యలేదు. నా కొడుకుని నేనే పంపేశానే వరూ."

వరూధిని ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "చాలా కోపం వచ్చింది మీ మీద. చెప్పలేకపోయాను," అంది. అత్తగారి తల మీద గడ్డం ఆనించింది. ఆ తర్వాత మంచినీళ్ళు తాగింది, కళ్ళు తుడుచుకుంది, చెవుల్లోంచి జాడ తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇవాళ నేనొక్కదాన్నే పరుగెత్తుతాను. వెళ్ళొస్తా అత్తయ్యా."

మెట్ల మీద ఆ పిల్ల అడుగులు తేలిగ్గా వినపడ్డాయి. పాపాయమ్మకి చాలా రోజుల తర్వాత గుండెల మీంచి బరువు దిగింది. కాఫీ కలుపుకుందామని లేచింది. చేతిలో ఆ రెండు గింజలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒక్కసారి విని డబ్బాలో పెట్టేద్దామని చెవుల్లో పెట్టుకుంది.

ముందు ఊపిరి వినపడింది. ఆవిడ అడుగు వేస్తే నాలుగడుగుల ముందు ఇంకో అడుగు పడింది, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ. తల్లి నడకకి తగ్గట్టు మెల్లగానే నడుస్తున్నాడు. హాలు దాటాడు, గుమ్మం దాకా వెళ్ళాడు. తల్లి ఆగలేకపోయింది.

"నీలూ, వెనక్కి రారా."

ఆగాడు. తిరిగాడు. ఆ తిరిగిన అడుగు ఎవరిదో పరాయివాడిదని ఆవిడకి తెలుసు. ఆ తర్వాత దగ్గరికి వస్తున్న నడక మాత్రం తన కొడుకుదే.

కాఫీ సంగతి మరిచిపోయింది. మందుల సంగతీ మరిచిపోయింది. గుమ్మం దాకా పంపింది, పిలిచింది. వచ్చాడు. మళ్ళీ పంపింది. ఎండ హాల్లోకి వచ్చి, గోడెక్కి, వెళ్ళిపోయింది. జన్మంతా ఎవర్నీ వెనక్కి పిలవని ఆ గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది.

వాకిట్లో ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. మెడలో ఏదో పతకం మెరిసింది. పక్కకొచ్చి ఎవరో అత్తయ్యా అంటున్నట్టు, మళ్ళీ మళ్ళీ అంటున్నట్టు, పెదవులు కదలడం కంటి చివర కనిపించింది. పాపాయమ్మ తిరగలేదు. వాడు గుమ్మం దాకా వెళ్ళిపోయాడు, దాటేలోగా పిలవాలి.