మందపు తీగ

అల్లూరు చర్చి బ్యాండులో జడ్సన్ బేస్ గిటారు వాయిస్తాడు. బేస్ వాయించేవాడి బతుకు ఎలాంటిదంటే, పాట బాగుంటే పాడినవాళ్లకి పేరు, బాగాలేకపోతే మైకుసెట్టువాడికి తిట్లు. మధ్యలో వీడొకడున్నాడని ఎవరికీ పట్టదు. వీడు ఆపేస్తే మటుకు, పాటలో ఏదో పోయిందని ముసలమ్మలు కూడా తలెత్తి చూస్తారు. ఆ గుట్టు తనకొక్కడికే తెలుసని జడ్సన్ లోలోపల మురిసిపోతుంటాడు.

ఆ డిసెంబరులో, పండగకి ముందే చర్చిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అతని గిటారు మీద అన్నిటికంటే మందమైన తీగ తెగింది. అది లేకపోతే బేస్ గిటారు ఉన్నా లేనట్టే. నెల్లూరు కొట్లలో మామూలు గిటారు తీగలు దొరుకుతాయిగానీ ఇవి దొరకవు, మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. సాయంత్రమే కార్యక్రమం. 

అప్పుడు సుశీల్ కుమార్ గిటారు గుర్తొచ్చింది.

జడ్సన్‌కి వాయించడం నేర్పింది సుశీలే. కిందటి వానాకాలం దాకా బ్యాండులో బేస్ అతనిదే. జడ్సన్ అక్క మొగుడి పేరు సమాధానం. అతనికి ఊరి బయట రొయ్యల గుంట ఉంది. ఒకరోజు సుశీల్ అందులో శవమై తేలాడు. నీళ్లు చిలికే ఏరియేటరు రెక్కల్లో తాడు చిక్కుకుని మెడకి బిగిసిందన్నారు. మెడ మీద గాయం కూడా అలాగే ఉంది. ఎవరూ మారు అడగలేదు.

సుశీల్ వాయింపులో ఒక తీరుండేది. డ్రమ్ము దెబ్బ పడ్డాక వెంట్రుకవాసి ఆగి తీగ మీటేవాడు. దాంతో పాట వాలుకుర్చీలో కూర్చున్నట్టు హాయిగా ఉండేది. డ్రమ్ములు వాయించే సమాధానానికి మాత్రం అది ఒళ్లుమంట. "మళ్లీ వెనకబడ్తా ఉండావు" అని ప్రతి ప్రాక్టీసులోనూ ఎగిరేవాడు. సుశీల్ నవ్వేసేవాడు.

సుశీల్ భార్య రెజీనా ఆ గిటారుని దుప్పట్లో చుట్టి బీరువా పైన పెట్టి ఉంచింది. జడ్సన్ వాళ్లింటికి వెళ్లి దాన్ని దించాడు.

"తీగలు మటుకు తీసుకుంటా అక్కా. రేపు తెచ్చి ఇచ్చేస్తా."

"మందంది నీ కాడే పెట్టుకో నాయనా." రెజీనా గొంతు తగ్గించింది. "ఎవురూ ముట్టుకోకుండానే మోగతా ఉండాది. పిల్లోళ్లు జడుసుకుంటా ఉండారు."

తీగ విప్పబోతే జడ్సన్ చెయ్యి ఆగింది. సుశీల్ ఏ తీగనైనా, గిటారు తల దగ్గర శ్రుతి బిగించే కీ చుట్టూ వరస తప్పకుండా చుట్టేవాడు. ఈ మందపు తీగ ఒక్కటే అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. గిటారు తెలియనివాడెవడో విప్పి, మళ్లీ హడావుడిగా బిగించిన పని అది. తీగ నడుమ వంపులున్నాయి, దేనికో చుట్టి గుంజినట్టు. దాన్ని అక్కడే వదిలేసి రావలసింది. కానీ సాయంత్రం కార్యక్రమం కళ్లలో ఆడుతుంటే చేతులూపుకుంటూ రాలేకపోయాడు.

పాత బేస్ తీగలు మూగబోతే మనవాళ్లు పారెయ్యరు. నీళ్లలో ఉడకబెట్టి చెమటా జిడ్డూ వదిలిస్తే మళ్లీ గణగణమంటాయి. ఆ చిట్కా నేర్పిందీ సుశీలే. గుంట గట్టునున్న బావ ఇంట్లో జడ్సన్ పొయ్యి మీద గిన్నె పెట్టి తీగలు వేశాడు.

"ఏం ఉడకేస్తా ఉండావురా? ఒకటే నీచు వాసన," అంది అతని అక్క షారన్, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. ఆమె కడుపుతో ఉంది. ఏ వాసనా పడటం లేదు.

"తీగలే అక్కా. తుప్పు."

నీళ్లు ఎర్రబడ్డాయి. తుప్పేననుకున్నాడు. తర్వాత నల్లటి పొట్టి వెంట్రుకలు నాలుగు పైకి తేలాయి. వాటి మొదట్లో తెల్లగా, మెత్తగా ఏదో అంటుకుని ఉంది. అక్క చూడకముందే ఆ నీళ్లు కాలవలో పారబోశాడు. కడుపుతో ఉన్న మనిషిని జడిపించడం ఎందుకులే అనుకున్నాడు. తీగ మాత్రం కొత్తదానిలా మెరిసింది. దాన్ని తన గిటారుకి బిగించాడు.

ప్రాక్టీసు గుంట పక్కన మేత షెడ్డులో. మిగతావాళ్లు చర్చి దగ్గర మైకులు కట్టిస్తున్నారు, షెడ్డులో బావా బావమరిదీ ఇద్దరే. వాన ముసురుకి పగలే మసక కమ్మింది. రొయ్యల మేత వాసన, తడి సిమెంటు వాసన. బయట ఏరియేటర్లు ఆగకుండా నీళ్లు చిలుకుతున్నాయి.

సమాధానం పాట ఎత్తుకున్నాడు. జడ్సన్ మందపు తీగ మీటాడు.

శబ్దం రాలేదు. వెంట్రుకవాసి ఆగి... వచ్చింది.

గిటారు చప్పుడు పెంచే ఆంప్‌లో లోపమనుకుని మళ్లీ మీటాడు. డ్రమ్ము దెబ్బ పడింది. ఖాళీ. అప్పుడు... ధుమ్.

సమాధానం మొహం పాలిపోయింది. "సరిగ్గా వాయించరా."

"సరిగ్గానే మీటతా ఉండా బావా."

డ్రమ్ము ఆగింది. జడ్సన్ రెండు చేతులూ పైకెత్తాడు. తీగ మీద ఎవరి వేలూ లేదు. ధుమ్... ధుమ్...

"ఎవురి తీగలురా అవి?"

"సుశీలన్నవి."

కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి. ఆంప్ దీపం ఆరిపోయింది. రేకుల మీద చినుకులు తప్ప ఇంకేమీ వినపడకూడదు. ధుమ్... రొమ్ము మీద చెయ్యేసి తోసినట్టు తగిలింది.

సమాధానం స్టూలు తన్నేసి లేచాడు. "తీసెయ్! తీసెయ్ దాన్ని!" అడ్డమొచ్చిన డ్రమ్ములని పడదోసి, జడ్సన్ భుజాన వేలాడే గిటారు మీదికి ఉరికి, మందపు తీగని పిడికిట పట్టి గుంజాడు. కింది కొస ఊడింది.

ఊడిన కొస గాల్లోకి లేచింది. అతని మెడని చుట్టింది. మళ్లీ చుట్టింది.

పైకొస గిటారు కీకి బిగిసే ఉంది. జడ్సన్ వెనక్కి అడుగేస్తే తీగ బిగిసింది. ముందుకొచ్చాడు. అయినా బిగిసింది... కీ తిరుగుతోంది. ఎవరి చెయ్యీ లేకుండా, సుశీల్ శ్రుతి చేసేటప్పుడు తిప్పినట్టే, నిదానంగా.

కాళ్ల దగ్గర బ్యాటరీతో నడిచే ట్యూనరు ఉంది. శ్రుతి కుదరకపోతే ఎర్ర దీపం, కుదిరితే పచ్చ దీపం. ఎరుపు వెలుగుతోంది.

జడ్సన్ తీగ కిందికి వేళ్లు దూర్చాడు. అది చర్మాన్ని కోసుకుంటూ ఎముక దాకా దిగింది. రక్తం మోచేతికి కారుతుంటే, రెండో చేత్తో ఆంప్ మీదున్న కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. బావ కళ్లు తేలేస్తున్నాడు. ఎలాగైనా బతికించాలి. అక్క కడుపులో బిడ్డ ఉంది. తండ్రిని చూడాలి.

"నేనే..." బావ నోట నురగతో పాటు మాటలు. "ఆ తీగతోనే... ఎందుకు వెనకబడ్తావని అడిగితే నవ్వినాడురా... నవ్వినాడు..."

ప్లేయరు తీగ మీద ఆగింది. గుంటలో ఉబ్బిపోయిన సుశీల్ మొహం జడ్సన్ కళ్లముందు కదిలింది. వెంట్రుకవాసి, అంతే. పళ్లు బిగించి నొక్కాడు.

పైన చుట్టిన సన్న తీగ తెగింది. లోపలి ఉక్కు తెగలేదు. మళ్లీ నొక్కాడు. కీ తిరిగింది. తీగ మెడలోకి దిగిపోయింది. మేత బస్తాల మీద రక్తం చిమ్మింది. కొట్టుకుంటున్న బావ కాలు పడిపోయిన పెద్ద డ్రమ్ముని తన్నింది. ఆ దెబ్బ వెనకే... ధుమ్. ఇంకో దెబ్బ... ధుమ్.

పచ్చ దీపం వెలిగింది.

అంతా ఆగిపోయింది. గుమ్మంలో టీ గ్లాసులు పగిలిన చప్పుడైంది. షారన్.

తీగ కోయడానికి తమ్ముడు ఎంత కొట్టుకున్నాడో కళ్లారా చూశానని పోలీసులకి షారనే చెప్పింది. బిగుతు మీదున్న తీగ ఊడి మెడకి చుట్టుకుందని వాళ్లు తేల్చారు. ఈసారి కూడా ఎవరూ మారు అడగలేదు. బావ చివరి మాటలు జడ్సన్ ఎవరికీ చెప్పలేదు. ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. గిటారు ఇక ముట్టలేడు. ఆ వెంట్రుకవాసి ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన మాత్రం అతన్ని పీక్కుతింటూనే ఉంది.

సంక్రాంతి దాటాక అక్కని నెల్లూరు స్కానింగుకి తీసుకుపోయాడు. డాక్టరమ్మ పొట్ట మీద మిషను పెట్టింది. చిన్న స్పీకరులో బిడ్డ గుండె చప్పుడు టకటకా వినపడింది. షారన్ చాలా రోజులకి నవ్వింది.

"వింటా ఉండావా? వాళ్ల నాయన మాదిరే, తాళం తప్పడంల్యా."

జడ్సన్ విన్నాడు. ప్రతి టక్ వెనకా, వెంట్రుకవాసి ఆగి, ఇంకోటి. లోతుగా.

డాక్టరమ్మ కూడా విన్నట్టుంది. మిషను అటూ ఇటూ జరిపింది. తెర మీద చాలాసేపు వెతికింది. "బిడ్డ ఒక్కటేనమ్మా. మిషన్ తేడా చేసినట్టుంది," అని స్విచ్ ఆపేసింది.

స్పీకరులో మొదటి చప్పుడు ఆగిపోయింది.

రెండోది ఆగలేదు.