గంప నిండుగానే ఉంది

సాయంత్రంలోగా యుగంధర్ చేయాల్సిన పనులు: రికార్డు మీద సార్ సంతకం పెట్టించుకోవడం, రేపటి డెమో ప్రోగ్రాం సరిచేయడం, కళింగపట్నం బస్సు అందుకోవడం, శ్రీలలిత కంట పడకుండా ఉండడం.

సంతకం అయింది. ప్రోగ్రాంతో కుస్తీ పడుతుండగానే ల్యాబ్ తలుపు తోసుకుని, గొడుగు దులుపుకుంటూ శ్రీలలితే వచ్చింది.

కిందటి నెల క్యాంటీన్‌లో "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని ఆమెను అడిగేశాడు. ఆమె టీ వదిలేసి వెళ్ళిపోయింది. అప్పట్నించీ ఆమె ఎదురైతే ఇతను దారి మార్చేస్తున్నాడు. రేపటితో కాలేజీ అయిపోతుంది.

"ఏటి, మొహం అలా వేలాడేశావు?" అంది.

"సేపల పేర్ల లిస్టు. మొదటిసారి లూప్ తిప్పితే అన్నీ వస్తన్నాయి. రెండోసారి ఒక్కటీ రాదు. ఎర్రర్ కూడా లేదు!"

ఆమె స్క్రీన్ మీదికి వంగి, ఫక్కున నవ్వింది.

"నువ్వు తిప్పుతున్నది లిస్టుని కాదు, ఇటరేటర్ని."

"రెండూ ఒకటే కదేటి?"

"కాదు. మా తాతయ్య సంగీతం క్లాసులో..."

"సంగీతం వద్దు తల్లీ, సేపల్లో సెప్పు."

"సరే. మీ అమ్మ బజార్లో గంప దించి ఒక్కో చేపా ఎత్తి చూపిస్తాది కదా. లిస్టు ఆ గంప. అది ఇటరబుల్, ఎన్నిసార్లైనా తిప్పొచ్చు. చూపించే చెయ్యి ఇటరేటర్. నెక్స్ట్ అన్నప్పుడల్లా తర్వాతది చూపిస్తాది. అడుక్కి వచ్చేశాక ఆ చెయ్యి మళ్ళీ పైకి రాదు."

"అయితే సేపలు అయిపోయినట్టేనా?"

"గంప నిండుగానే ఉందిరా బాబూ! చూపించడమే గానీ ఎవరికీ అమ్మేయలేదు కదా. ఇటర్ అని గంపని మళ్ళీ పిలువు. కొత్త చెయ్యి మొదట్నించి మొదలెడతాది."

లైను మార్చాడు. వంజరం, చందువ, కవళ్ళు... రెండోసారీ బిలబిలమంటూ వచ్చేశాయి. అతని మొహం మాత్రం వెలగలేదు.

"ఇంకేటి?"

"కొన్ని ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. అడిగేసినాను. జవాబు రానేదు."

ఆమె గొడుగు గోడకి ఆనించి, పక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు చుట్టూ క్లాసంతా ఉంది. ఒకడైతే వీడియో కూడా తీస్తన్నాడు. ఏం చెప్పమంటావు? అయిపోయింది ఆ అడగడం. నేను అయిపోలేదు కదా?"

బయట వాన రేకుల మీద దంచేస్తోంది.

"మళ్ళీ... అడగొచ్చా?"

"మొదట్నించి. ఈసారి మెల్లిగా."

మెల్లిగానే అడిగాడు. "ఊఁ" అంది. "మా తాతయ్యకి నేను చెప్తాను. మీ నాన్నకి నువ్వు చెప్పుకో."

బస్సు ఎప్పుడో పోయింది.

అయిదింటికే తాళం వేయాల్సిన అటెండర్ జోగయ్య గుమ్మం దాకా వచ్చి, ఆ మాటలు చెవిన పడి, చప్పుడు లేకుండా వెనక్కి తగ్గాడు. చూరు కింద సగం తడుస్తూ నిలబడ్డాడు. ఒక్కసారి దగ్గను కూడా లేదు. ఆయన అక్కడున్నట్టు వాళ్ళిద్దరికీ ఇప్పటికీ తెలియదు. వాళ్ళ తరఫున మీరైనా ఆయన్ని గుర్తుపెట్టుకోండి.