తలంబ్రాల పళ్ళెం మీద ఫోకస్

"ఏవండీ ఫొటోగ్రాఫర్ గారూ! మా అక్క ముక్కు ఏదండీ?"

కృష్ణచైతన్య తలెత్తాడు. స్టూడియో గుమ్మంలో పూర్తిగా తడిసిన అమ్మాయి, చేతుల్లో చుక్క నీరు పడని నాలుగడుగుల ఫొటో. ఏలూరు వానలో గొడుగంతా ఫొటోకే పట్టి తెచ్చినట్టుంది.

పేరు ప్రసన్నలక్ష్మి. ఆ పూట ఆ పేరుకీ ఆమెకీ మాటల్లేవు.

పోయిన నెల తాడేపల్లిగూడెంలో ఆమె అక్క స్నేహ పెళ్ళికి ఫొటోలు తీసింది ఇతనే. వచ్చే ఆదివారం కలిదిండిలో స్నేహ అత్తవారి కొత్తింటి గృహప్రవేశం. హాల్లో పెట్టాలని తలంబ్రాల ఫొటో పెద్దది చేయించారు. తీరా చూస్తే పెళ్ళికూతురి మొహం ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టుంది.

"ఫోన్‌లో పంపినప్పుడు అందరూ సూపర్ అన్నారు కదండీ," అన్నాడు చైతన్య.

"ఫోన్‌లో అరచెయ్యంత బొమ్మండీ. అంత చిన్నదాంట్లో మసక కూడా షార్ప్‌గానే కనబడుతుంది. పెద్దది చేశాక ఎక్కడ దాక్కుంటుంది?"

"కొంచెం దూరం నుంచి చూడండి. బాగుంటుంది."

ఆమె ఫొటోని బల్లకి ఆనించి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకొంచెం."

గుమ్మం దాటింది.

"ఇంకాస్తండీ..."

చూరు నీళ్ళు సరిగ్గా నడినెత్తిన పడ్డాయి.

"ఇప్పుడు బాగుంది," అంది పళ్ళు నూరుతూ. "అయితే గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందర్నీ రోడ్డు మీద నిలబెట్టి చూపించమంటారా?"

నవ్వు ఆపుకోవడం అతని వల్ల కాలేదు. తువ్వాలు ఇచ్చాడు. తల తుడుచుకుంది గానీ కోపం అలాగే ఉంచుకుంది.

"మండపం వెనకాల కూలర్లూ భోజనాల బల్లలూ కనబడకూడదని లెన్స్ బాగా తెరిచానండీ. ఎపర్చర్ ఒకటి పాయింట్ నాలుగు. అలా తెరిస్తే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అని ఒకటుంటుంది..." చూపుడువేలు పైకెత్తి పాఠం మొదలుపెట్టాడు.

"స్పష్టంగా కనబడే మేర బెత్తెడు కూడా ఉండదు. ఆ బెత్తెడు తప్ప ముందూ వెనకా అంతా మసకే. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతానండీ నేను. ఆ బెత్తెడు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టారన్నదే నా ప్రశ్న."

వేలు కిందికి దిగింది.

ప్రసన్న ఫొటో మీదకి వంగింది. వధూవరుల వెనక తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నిలబడింది తనే. "ఇదిగో! బియ్యం గింజలు తెలుస్తున్నాయి. పెళ్ళికూతుర్ని వదిలేసి పళ్ళెం మీద ఫోకస్ పెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను!"

చైతన్య ఆమె చూపించిన చోటు చూశాడు.

"ఆయ్. పళ్ళెమేనండీ," అన్నాడు, అవసరమైనదానికంటే చాలా సంతోషంగా.

మామూలుగా ఎవరైనా ఫొటోలో ముందు తమ మొహమే వెతుక్కుంటారు. ఈ అమ్మాయి అక్క మీద బెంగతో తన మొహం వైపే చూసుకోలేదు. అతను బతికిపోయాడు, అప్పటికి.

"అత్తవారింట్లో మొదటి శుభకార్యం. ఈ ఫొటో పెడితే మా అక్క నవ్వులపాలవుతుంది," అంది. "గురువారం కలిదిండి రండి. అందరం పెళ్ళిబట్టలు కట్టుకుంటాం, మళ్ళీ తియ్యండి. నేను మీ పక్కనే నిలబడి చూస్తాను, ఫోకస్ ఎక్కడ పెడతారో."

"మీరు నా పక్కనుంటే ఏ ఇబ్బందీ లేదండీ. ఫోకస్ తప్పకుండా మీ అక్కగారి మీదే ఉంటుంది."

ఆ మాట ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

గురువారానికి వాన వెలిసింది. కొత్తింటి వెనక చేపల చెరువు గట్టు మీద స్నేహ, పెళ్ళికొడుకు హేమంత్‌కుమార్ పట్టుబట్టల్లో నిలబడ్డారు. ముందు కుర్చీలో హేమంత్ నాయనమ్మ శేషారత్నం. చెరువులో గూడబాతులు వీళ్ళని పట్టించుకోకుండా తమ పని తాము చూసుకుంటున్నాయి.

"ఈసారి లెన్స్ బాగా మూసి పదకొండు పెట్టానండీ," అన్నాడు చైతన్య. "మామ్మగారి కళ్ళజోడు నుంచి వెనక షెడ్డు దాకా అన్నీ తెలుస్తాయి."

"అన్నీ అంటే?" హేమంత్ కంగారుగా వెనక్కి తిరిగాడు. షెడ్డు ముందు చేపల మేత బస్తాలు, తీగ మీద లుంగీ. "ఆ లుంగీ కూడానా?"

"గళ్ళు లెక్కపెట్టుకోవచ్చండీ."

లుంగీ తీయించారు. బస్తాలు మాత్రం ఉండనిమ్మంది నాయనమ్మ, వాటి పుణ్యమే కదా ఈ ఇల్లు అని.

ప్రసన్న పాత ఫొటో కూడా తెచ్చింది. ఎవరెక్కడ నిలబడాలో అందులో చూసి చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"పళ్ళెం ముందంచు మసక," అని గొణుక్కుంది. "వెనకంచు కొంచెం నయం. అంటే ఫోకస్ పళ్ళెం మీద కాదు. ఇంకా వెనక..."

వేలు పళ్ళెం దాటింది, గాజులు దాటింది, తన కళ్ళ దగ్గర ఆగింది. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి.

చైతన్య ట్రైపాడ్ మర బిగించడంలో మునిగిపోయాడు. అది బిగిసి చాలాసేపయింది.

"పళ్ళెమన్నారు?" అంది మెల్లగా, అతని దగ్గరికొచ్చి.

"మీరన్నారండీ. నేను కాదనలేదంతే."

"తమాషా వద్దండీ. అది మా అక్క పెళ్ళి ఫొటో."

అతని మొహంలో అల్లరి పోయింది. "తప్పేనండీ. ముందు స్నేహగారి మీదే పెట్టాను. మీరేమో గింజ జారకుండా పళ్ళెం పట్టుకుని, అక్కని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. నా చూపు అక్కడే ఉండిపోయింది, లెన్స్ కూడా దాని వెంటే పోయింది. మీరంటే ఇష్టమండీ. ఇవాళ ఈ ఫొటో సరిగ్గా తీసిస్తాను. ఆ తర్వాత కనబడొద్దంటే కనబడను."

తనని ఇంత దగ్గరగా చూశాడంటే కోపం రావాలి. ప్రసన్న కోపం కోసం వెతుక్కుంది. మొన్నటిదాకా బోలెడంత ఉండేది, ఇప్పుడు గోరంత కూడా దొరకలేదు.

"ముందు అందరూ కనబడేలా తియ్యండి. మీ సంగతి తర్వాత," అంది తల తిప్పుకుని.

"గుసగుసలయ్యాయా?" నాయనమ్మ కేకేసింది. "ప్రసన్నా, నువ్వూ వచ్చి నిలబడు. ఏ ఊరు బాబూ మీది?"

"నల్లజర్లండీ. నాన్నగారిది వ్యవసాయం."

"మరి నువ్వెక్కడ నిలబడతావు?"

"నేను ఫొటో తియ్యాలి కదండీ మామ్మగారూ."

"దానంతటదే తీసే ఏర్పాటు ఉంటుందిట కదా. అది పెట్టి రా. ఆ పాత ఫొటో నేనూ చూశాన్లే, కళ్ళజోడు పెట్టుకుని."

స్నేహ ఫక్కున నవ్వింది. ప్రసన్న చెవుల దాకా ఎర్రబడింది.

చైతన్య నాయనమ్మ వెనకున్న స్నేహ మీద ఫోకస్ పెట్టాడు, టైమర్ నొక్కాడు, పరుగెత్తాడు. గట్టు మీద కాలు జారి చీలమండ దాకా బురదలో దిగింది. కాలు పీక్కుని, చివరన ప్రసన్న పక్కకి చేరేసరికి కెమెరా క్లిక్కుమంది.

వెళ్ళి స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాడు. నాయనమ్మ ముడతలు, స్నేహ ముక్కుపుడక, మేత బస్తాల మీద అక్షరాలు, తన ప్యాంటు మీద బురద, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇంకొంచెం పక్కకి జరిపి అక్కడే ఆగిపోయాడు.

"ఏవండీ," అన్నాడు, ప్రసన్నకి మాత్రమే వినబడేలా. "మళ్ళీ తీద్దామా? ఒకరు కెమెరా వైపు చూడలేదు. పక్కనున్నవాడి వైపు చూస్తున్నారు."

ఆమె వచ్చి స్క్రీన్ చూసింది.

"అక్కర్లేదండీ. ఫోకస్ సరిగ్గానే ఉంది."

"ఇది హాల్లో పెడతారు. వచ్చినవాళ్ళందరూ దగ్గర్నుంచి చూస్తారు."

"చూడనివ్వండి," అంది ప్రసన్న.