పదిహేడో నంబరు రక్తం

“ఆయన ముఖం మార్చాం, పేరు మార్చాం. గుండె మాత్రం పాతదే. వాళ్లు ఆ గుండెను పట్టుకునే వస్తున్నారు, షహీన్.”

2003, బెంగళూరు. గూఢచారి విభాగం చీఫ్ టేబుల్ మీద ఫోటో పెట్టాడు. క్షిపణుల రహస్య కోడ్ రాసిన ఇంజనీరు. ఇప్పుడు ధర్మవరంలో మగ్గాలు బాగుచేసే సుంకప్ప. ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అలాంటి గుండె బి.ఎన్.పి. అనే హార్మోన్‌ను రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. ఆయన పాత రిపోర్టు విదేశీ ముఠాకు చిక్కింది. ఉచిత గుండె పరీక్షల శిబిరమంటూ హిందూపురం, పెనుకొండ గాలించేశారు. రేపు ధర్మవరం.

“దొరికితే?”

“ఎత్తుకుపోతారు. కుదరకపోతే చంపుతారు. రావద్దని ఆయనకు కబురు పంపాం. అయినా వస్తే రక్తం మార్చెయ్. శిబిరం లోపల డాక్టర్ ఉమాదేవి మన ఏజెంటే. ఒకప్పుడు ఆయన గుండెకు వైద్యం చేసింది ఆమే, కొత్త ముఖం మాత్రం ఆమెకూ తెలీదు.”

మర్నాడు షహీన్ ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో శిబిరంలో చేరింది. తెల్లకోటు కింద ఆవపువ్వు రంగు పట్టుచీరతో ఉమాదేవి మెరిసిపోతోంది.

“రంగు నిలుస్తుందా, మేడమ్?” కోడ్ విసిరింది షహీన్.

“ఒక్క ఉతుకులో తేలిపోతుంది,” ఉమాదేవి నవ్వింది.

పదిహేడో నంబరు పిలిచారు. వచ్చింది సుంకప్పే!

“రావద్దన్నారు గానీ, గుండె దడదడమంటాండాదమ్మా. ఇంక యాడికి పోయేది?”

షహీన్ ఆయన్ని పరుపు మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలించింది. ఈసీజీ గీతలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఆయన రక్తం తీసి, చేతిలో దాచుకున్న తన రక్తం ట్యూబును మెషీన్‌లో పెట్టింది. పావుగంటకు రిపోర్టు వచ్చింది: పద్దెనిమిది. నార్మల్.

ఉమాదేవి రెండు కాగితాలూ చూసి తలుపు గడియ పెట్టింది.

“గుండె ఇంత గతి తప్పినా హార్మోన్ ఇంత తక్కువా? ఈ రక్తం ఎవరిదే?”

పాత రిపోర్టు ఎలా బయటికి పోయిందో షహీన్‌కు అప్పుడర్థమైంది. అప్పటికే ఉమాదేవి చేతిలోని సిరంజి సుంకప్ప మెడ మీద ఉంది.

“బయట వ్యాన్ ఉంది. అరిస్తే గుండె ఆపేసే ఈ పొటాషియం లోపలికి పోతుంది.”

“నిన్ను నమ్మి వైద్యం చేయించుకున్నాడు, ద్రోహీ!”

“అది ఆయన ఖర్మ.”

ఉమాదేవి బొటనవేలు కదిలింది. షహీన్ ఈసీజీ వైర్లు ఆమె మణికట్టుకు మెలిపెట్టి ఒక్క గుంజు గుంజింది. సూది మెడను గీరుకుంటూ పరుపులో దిగబడింది. మందంతా దూదిలోకి ఇంకింది. మోచేత్తో దవడ మీద ఒక్కటిచ్చి, ఆమెను గోడకు అదిమింది.

బయట ముందే కాపు కాసిన మఫ్టీ పోలీసులు వ్యాన్‌ను చుట్టుముట్టారు. ఉమాదేవి చేతులకు బేడీలు పడ్డాయి.

సుంకప్ప మెడ తుడుచుకుంటూ లేచాడు.

“ఆయమ్మను తీసకపోయే ముందు నాకు మందులు రాయించండమ్మా. బుద్ధి దొంగదైనా, చదువు నిజందే గదా!”