పడవల కొట్టం దగ్గర పదో మనిషి

బ్రాక్‌మియర్ పార్కులో చెరువు చుట్టూ దారంతా మంచిదే, ఒక్క పాత పడవల కొట్టం దగ్గర మలుపు తప్ప. చీకటి పడితే అక్కడ వెనకాల తడిబూట్ల చప్పుడు వినిపిస్తుందని చెప్పనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఎప్పుడో ఒక చలికాలం, గడ్డకట్టిన చెరువు మీద నడుస్తుంటే మంచు పగిలి ఒకాయన లోపలికి పోయాడట. పార్కు వాళ్ళేమో 'జారుతుంది, జాగ్రత్త' అని బోర్డు పాతి చేతులు దులుపుకున్నారు. దెయ్యాలు వాళ్ళ శాఖ కిందకి రావు మరి!

ఆ గురువారం గ్లెనిస్ బెంగ దెయ్యం గురించి కాదు. పదిమంది గురించి.

డాక్టర్లు నడవమన్న ముసలాళ్ళని మెల్లగా చెరువు చుట్టూ తిప్పి తీసుకురావడం ఆమె పని. జీతం లేదు, పసుప్పచ్చ కోటు మాత్రం ఇచ్చారు. ఇవాళ పదిమంది లేకపోతే ఈ నడక రద్దు అని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పోయినప్పట్నించీ వారం మొత్తంలో ఆమె మనుషులతో మాట్లాడేది ఈ గంటన్నరే. ఇదీ పోతే ఇంట్లో టీ కెటిల్‌తో కబుర్లు చెప్పుకోవాలి.

వచ్చింది తొమ్మిదిమంది. పదో మనిషి కోసం మూడున్నర దాకా చూసి చూసి బయల్దేరారు. డిసెంబరు పొద్దు ఎవరి కోసం ఆగుతుంది? కొట్టం చేరేసరికి చీకటి పడిపోయింది.

ముందు గ్లెనిస్. అందరికన్నా చివర ట్రెవర్. అతని వెనకాల ఎవరూ ఉండకూడదు, అది నియమం.

చప్... చప్... చప్...

ట్రెవర్ పడుతూ లేస్తూ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్... నా వెనకాల ఎవరో ఉన్నారు."

"చివర నువ్వే కదయ్యా! నీ వెనకాల ఎవరుంటారు?"

"అదే కదా నేనూ అంటున్నా..."

గ్లెనిస్ టార్చి వేసింది. పొడుగాటి మనిషి. పాతకాలం కోటు. అంచుల్నుంచి నీళ్ళు కారుతున్నాయి... వాన చుక్క పడలేదు.

ఎవరూ కేక పెట్టలేదు. ముక్కూమొహం తెలియనివాడి ముందు కేకలేమిటి, అసహ్యంగా! "చలి ఎక్కువగానే ఉందండీ ఇవాళ," అంది ఒకావిడ, వణుకుతూ. ఆయన తల ఊపాడు.

"పరిగెడదామా?" ట్రెవర్ గుసగుసలాడాడు.

"ఎవరి మోకాళ్ళతో?"

గ్లెనిస్‌కీ భయమేసింది. కానీ అంతకన్నా పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. ఈ మనిషి ఆరోగ్య ఫారం నింపకుండా తన నడకలో నడుస్తున్నాడు! జారిపడితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? పదకొండేళ్ళలో ఇలాంటి తప్పు ఒక్కటి జరగనివ్వలేదు ఆవిడ.

ఫారాల అట్ట, కలం పట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళింది.

"క్షమించాలి... తమరు ఫారం నింపారా?"

ఆయన అడ్డంగా తలాడించాడు. కలం తీసుకున్నాడు. ఆమె టార్చి పట్టుకుంటే నెమ్మదిగా, ఒద్దికగా నింపి ఇచ్చాడు. తర్వాత దారంతా చివర ఆయనే నడిచాడు. ట్రెవర్ ససేమిరా వెనక్కి వెళ్ళలేదు.

కార్ల దగ్గర దీపాల వెలుగులోకి వచ్చి చూస్తే... తొమ్మిదిమందే.

"చేపలు పట్టేవాడై ఉంటాడు. నీళ్ళలో జారాడు పాపం," అన్నాడు ట్రెవర్. అందరూ హమ్మయ్య అనుకుని, నవ్వుకుని, ఇళ్ళకి పోయారు.

గ్లెనిస్ కారులో కూర్చుని లైటు వేసి, తడిసిన ఆ కాగితం విప్పింది.

గుండె జబ్బు — లేదు.
మోకాళ్ళ నొప్పి — లేదు.
ఊపిరాడకపోవడం — ఒక్కసారి.
ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి — ఎప్పుడో చెప్పేశారు.

ఒళ్ళు జల్లుమంది. తర్వాత కళ్ళజోడు సరిచేసుకుని, ఫారం వెనక ఉన్న నియమాలన్నీ మొదట్నుంచి చివరిదాకా చదివింది. నడిచేవాళ్ళు బతికి ఉండాలని ఎక్కడా లేదు.

'హాజరు: పది' అని రాసి, సంతకం పెట్టింది.